లోపలి అల్లిక

నరసాపురంలో, రేవుకి పోయే సందులో
మా ల్యాబుకి కిటికీ ఒకటే.
పంటు ఇంజను మొదలైనప్పుడల్లా
ట్రేలో గాజుపలకలు సన్నగా వణుకుతాయి.
అది వశిష్ట దాటేదాకా
మైక్రోస్కోపు మీద చెయ్యి వెయ్యను.

పదకొండేళ్ళుగా చూస్తున్నవి ఇవే:
నేరేడు రంగెక్కిన కేంద్రకాలు.
బడిలో గుండ్రంగా గీయించారు.
రూపాయి బిళ్ళ పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పాను.
అబద్ధమని అనను.
కానీ అది దానంతటది గుండ్రంగా లేదు,
ఎవరో ఉంచుతున్నారు.

ఎవరో అంటే ఒకరు కాదు.
పొర కింద, లోపలివైపు, దారాల అల్లిక.
బయట కణం నిండా మోకులు.
కొన్ని పైనుంచి నొక్కిపెడతాయి,
కొన్ని పక్కలకి లాగుతాయి,
పొరలో దిగిన కొక్కేలు
ఆ లాగుడిని లోపలి దారాలకి అందిస్తాయి.
కణం నేలని కరుచుకుని పరుచుకుంటే
కేంద్రకం అట్టులా పలచబడి నునుపు తేలుతుంది.
పట్టు వదిలి ముడుచుకుంటే
సగమే పోసిన ధాన్యం బస్తాలా
ముడతలు పడుతుంది.

ఇవాళ ఏడో నంబరు
పెచ్చెట్టి వరహాలమ్మ, యాభై రెండు, లేసు పని.
గొంతు దగ్గర గడ్డ, ఉసిరికాయంత.
సూదితో తీసి పూసిన చుక్క.

మొదట ఓ తెల్లకణం అడ్డొచ్చింది.
దాని కేంద్రకం మూడు తునకలు,
నడుమ దారమంత బంధం.
అది జబ్బు కాదు.
దానికి ఇరుకుల్లో దూరే పని,
లాకు తలుపు సందులోంచి చేపపిల్ల జారినట్టు.
అందుకే దాని అల్లిక పుట్టుకతోనే వదులు.
ఆకారం చూసి తప్పు పట్టకూడదని
నాకు నేర్పింది అదే.

దాన్ని దాటి పక్కకి జరిపాను.
గుంపుగా ఉన్నాయి.
ఒక్కోదానికీ నిలువునా గాడి.
ఇంత వరి నేలలో
గోధుమ గింజలు ఎవరు పోశారు?

సన్న మర అరచుట్టు తిప్పాను. గాడి పోయింది.
వెనక్కి తిప్పాను. ఉంది.

బయట బల్ల మీద ఆవిడ లేసు అల్లుకుంటోంది.
"కనబడిందా అమ్మా?"
"డాక్టరు గారు నాలుగింటికి వస్తారండి. ఆయన చూడాలి."
అది నిజమే. అయినా నా గొంతు
నాకే పైపొరలా వినబడింది.

పక్కన కూర్చున్నాను, ఎందుకో.
బల్లమీద పరిచి ఉన్న పువ్వు అంచు
అలలు అలలుగా లేచింది.
"ఇలా ఎందుకొస్తదండి?"
"ఈ వరసలో గొలుసులు ఎక్కువయ్యేయి.
ఎక్కువైతే అలలు పోద్ది,
తక్కువైతే గిన్నెలా లేస్తది.
చేతిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటదమ్మా,
బల్లమీద పెడితేనే దాని సంగతి తెల్సేది."

పదకొండేళ్ళలో ఎవరూ
నాకిలా చెప్పలేదు.
లోపలున్న సరుక్కి మించి అంచు ఉంటే
ఆ మిగులు ఎక్కడికి పోతుంది?
మడతలోకే పోతుంది.
కానీ మడతలన్నీ ఒకటి కావు.
పరుచుకుంటే విప్పుకునేవి కొన్ని,
లోపల కుట్టే మారిపోయి
ఎంత లాగినా విప్పుకోనివి కొన్ని.
ఏడో నంబరులో ఉన్నవి ఏవి?
నేను గాజు మీద సిరాచుక్క పెట్టగలను.
ఇక్కడ చూడండి, అని.
అంతవరకే నా ఉద్యోగం.

రెండో పంటు కదిలింది. గాజులు వణికాయి.
"ఇంకా గంటన్నర ఉందిగా," అంది వరహాలమ్మ,
కొక్కెం సూది కొప్పులో గుచ్చి
దారం కొస పట్టుకుని లాగింది.
వరస వెనక వరస, ఎక్కడా చిక్కు పడకుండా
అంచంతా ఊడొచ్చేసింది.

ఒళ్ళో పోగైన దారం
ఇంకా పాత మెలికల్లోనే ఉంది.